గోడల చాటు పట్టాలు

ట్రైన్ సిమ్యులేటర్‌లో సొంతంగా ఒక రూట్ కట్టాలని హైదరాబాద్ మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఒక కుర్రవాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే, అతని మనసు ముందుగా ఎటు పోతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. మెట్రో. రాయదుర్గం నుంచి నాగోలు దాకా నీలి లైను. రోడ్డు మీది రద్దీని కిందే వదిలేసి అద్దాల మేడల మధ్యగా సాగిపోయే బండి. చూడ్డానికి అంత బావుంది కాబట్టి కట్టడానికీ బావుంటుందనుకుంటాడు. నేనైతే అతన్ని హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్‌కు తీసుకుపోతాను. లింగంపల్లి నుంచి నాంపల్లి దాకా పాత బ్రాడ్‌గేజ్ లైను. ఇరుపక్కలా కాంపౌండ్ గోడలు, ముళ్లపొదలు, అపార్ట్‌మెంట్ల వెనకవైపు పైపులు, ఆరేసిన బట్టలు. మొదటి రూట్‌కు ఇంతకంటే మంచి దారి ఈ ఊళ్లో లేదని నా పట్టుదల.

ఎందుకో చెప్పేముందు, ఈ పనితో పరిచయం లేనివారికి రెండు మాటలు. సిమ్యులేటర్‌లో బండి నడపడం వేరు, బండికి లోకం కట్టడం వేరు. నడిపేవాడికి థ్రాటిల్, బ్రేకు, సిగ్నళ్లు, టైమ్‌టేబుల్ ఉంటే చాలు. కట్టేవాడు మొదట నేల ఎత్తుపల్లాలు తెచ్చుకోవాలి. ఆ నేల మీద పట్టాలు పరచాలి, పాయింట్లు కలపాలి, సిగ్నళ్లు నాటి ఏది ఎప్పుడు ఎర్రబడాలో వాటికి నేర్పాలి. ప్లాట్‌ఫారాలు, కరెంటు స్తంభాలు, వంతెనలు, చెట్లు, గోడల మీద పోస్టర్లు, అన్నీ తనే పెట్టాలి. ఎదురొచ్చే బండ్లను కూడా తనే నడిపించాలి. ఇంత చేసి చాలామంది దాన్ని ఊరికే పంచిపెడతారు. నడిపేవాడు గంటలో దాటేసే దారికి కట్టేవాడివి నెలలు పోతాయి, ఒక్కోసారి ఏళ్లు. మధ్యలో వదిలేసిన రూట్లకు లెక్కలేదు. వాటిలో ఎక్కువ భాగం చేతకాక ఆగినవి కావు, మొదట్లోనే దారి తప్పుగా ఎంచుకోవడం వల్ల ఆగినవి. ఈ విద్యలో సగం పనితనం ఎడిటర్ తెరవకముందే, ఎంపికలోనే తేలిపోతుంది.

ఎంపిక ఎలా చేయాలో చూడాలంటే 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ పెట్టెను ఇప్పటికీ తీసి చూడవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన కూజూ సంస్థ దాన్ని తయారుచేసింది. అందులో ఆరు రూట్లు ఇచ్చారు. ప్రపంచంలో ఇన్ని లక్షల కిలోమీటర్ల పట్టాలుంటే ఆరే ఎందుకు, ఆ ఆరే ఎందుకు అని చూస్తే తెలివి తెలుస్తుంది. ఒక్కోటీ ఒక్క పాఠం చెబుతుంది. ఇంగ్లండ్‌లోని సెటిల్–కార్లైల్ లైను 1876 నాటిది. నూటికి ఒకటి వాలుతో మైళ్ల కొద్దీ ఎత్తెక్కే ఆ దారిలో ఆవిరి ఇంజిను నీళ్లూ బొగ్గూ ఎలా చూసుకోవాలో నేర్పుతుంది. మోంటానాలోని మరయాస్ పాస్‌లో పాఠమంతా బ్రేకులదే, బరువైన గూడ్సును కొండ దించడమే అక్కడి పరీక్ష. టోక్యో షింజుకు నుంచి హకోనే వైపు వెళ్లే ఒడక్యు లైనులో స్టేషన్ మీద స్టేషన్, సెకన్ల లెక్కన ఆగడం. ఫిలడెల్ఫియా–వాషింగ్టన్ దారిలో వేగం. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నుంచి ఆల్ప్స్ మీదికి ఆవిరి ఇంజినుతో కొండదారి. మిగిలిన ఆరోది జపాన్ క్యూషూ దీవిలోని హిసాత్సు లైను. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది అదే.

ఒంటి లైను, చిన్న డీజిల్ బండి, చుట్టూ అడవి. వేగం లేదు, జనం లేరు. ఆ దారిలో ఒకోబా అనే స్టేషన్ ఉంది. అక్కడ పట్టాలు కొండ చుట్టూ ఒక పూర్తి వలయం తిరుగుతాయి. ఆ వలయం లోపలే బండి ఆగి, దిశ మార్చుకుని వెనక్కి ఎక్కే మెలిక కూడా ఉంది. డార్జిలింగ్ బండి ఎక్కినవారికి ఈ రెండు తంత్రాలూ విడివిడిగా తెలుసు. ఒకోబాలో రెండూ ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. కట్టేవాడి కన్నుతో చూస్తే ఇది గొప్ప పొదుపు: తక్కువ జాగాలో, పల్లెటూరి దృశ్యంలో, పెద్ద భవనం ఒక్కటీ గీయకుండానే, డ్రైవరుకు చేతినిండా పని. ఇంకో సంగతి. 2020 జూలై వరదల్లో ఆ లైను దెబ్బతిని కొండల భాగంలో రాకపోకలు ఆగిపోయాయి. సిమ్యులేటర్‌లో మాత్రం ఆ చిన్న బండి ఇంకా ఒకోబా ఎక్కుతూనే ఉంది.

జపాన్‌లోనే పుట్టిన మరో సిమ్యులేటర్ బీవీఈ. అక్కడి బోసో వ్యూ ఎక్స్‌ప్రెస్ అనే బండి పేరే దానికి పెట్టారు. దాని పద్ధతి చూస్తే కంప్యూటర్ పని చేసేవారికి నవ్వొస్తుంది, ఆ తర్వాత గౌరవం కలుగుతుంది. రూట్ అంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. దారిని 25 మీటర్ల ముక్కలుగా కోసి, ఫలానా ముక్క దగ్గర వంపు మొదలు, ఫలానా చోట స్తంభం, ఫలానా చోట గోడ అని వరసగా రాసుకుంటూ పోవడమే. దారి చీలదు, ముందుకే పోతుంది. ఈ పరిమితి చూసి చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నా లెక్కలో కొత్తవాడికి ఇంతకంటే మంచి కాగితం లేదు. ఎడిటర్ ఏదైనా సరే, ముందు తన దారిని ఇలా 25 మీటర్ల వరసల్లో రాసుకోగలిగినవాడే తర్వాత నిజంగా కడతాడు.

ఇప్పుడు మన లైను దగ్గరికి వద్దాం. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్, బేగంపేట, నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి. పదమూడు స్టేషన్లు, ఇరవై కిలోమీటర్లకు కాస్త పైన దారి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పటి నుంచి ఐటీ ఉద్యోగులు, ఆఫీసులు ఊడ్చి తుడిచేవాళ్లు, కూరగాయల బుట్టలవాళ్లు ఒకే పెట్టెలో వేలాడుతూ పోతున్న దారి. సగటున రెండు కిలోమీటర్లు కూడా పోకముందే ఇంకో స్టేషన్. డ్రైవరు పికప్ అందుకుంటాడు, కాసేపు కరెంటు తీసేసి బండిని జారనిస్తాడు, బ్రేకు పట్టడం మొదలెడతాడు. విసుగు పుట్టే వ్యవధే లేదు. సిమ్యులేటర్‌లో గొప్ప శాపం ఖాళీ దూరం. చూడ్డానికి ఏమీ పెట్టలేక, చెయ్యడానికీ ఏమీ ఇవ్వలేక కొత్తవాళ్లు యాభై కిలోమీటర్ల పచ్చటి చాపలు పరుస్తారు. ఇక్కడ ఆ ప్రమాదం లేదు.

అయితే మెట్రోకూ స్టేషన్లు దగ్గరదగ్గరే కదా అనవచ్చు. ఇక్కడే నా అసలు వాదన. మెట్రో మొత్తం స్తంభాల మీద, రోడ్డుకు ఎంతో ఎత్తున పోతుంది. ఎత్తునుంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. డ్రైవరుకు ఏది కనిపిస్తే కట్టేవాడు అది గీయాలి. పెద్దమ్మగుడి స్టేషన్ దాటాక ఎడమా కుడీ కిలోమీటరు దాకా కప్పులు, వాటర్ ట్యాంకులు, హోర్డింగులు, అద్దాల మేడలు. వీటిని వదిలేస్తే బండి ఎడారిలో పోతున్నట్టుంటుంది, గీస్తే కంప్యూటర్ మోయలేదు. ఎంఎంటీఎస్ లైను నేల మీద పోతుంది. కటింగులో దిగుతుంది, గోడల మధ్య దూరుతుంది. పట్టాలకు పది అడుగుల దూరంలో ఒక గోడ ఉంటే దాని వెనక ఏముందో ఎవరూ అడగరు. గోడ పైనుంచి తొంగిచూసే రెండు వేపచెట్లు, ఒక అపార్ట్‌మెంట్ పై మూడంతస్తులు, అంతే. ఆ గోడలే కట్టేవాడికి నెలల పని మిగులుస్తాయి. ఎక్కడెంత అందముందని కాదు, ఎక్కడెంత కనిపించకుండా పోతుందో చూసి మొదటి దారి ఎంచుకోవాలి. ఆ లెక్కన హఫీజ్‌పేట, బోరబండల మధ్య రోజూ ప్రయాణికులు మొహం తిప్పుకునే ఆ వెనకవైపు హైదరాబాదే కట్టేవాడి పాలిటి వరం.

మెట్రోతో ఇంకో చిక్కు ఉంది. అది సీబీటీసీ పద్ధతిలో నడిచే బండి. వేగం పెంచడం, తగ్గించడం, ప్లాట్‌ఫారం దగ్గర ఆపడం చాలావరకు యంత్రమే చూసుకుంటుంది. నిజంలో అది గొప్ప సంగతే. ఆటలో మాత్రం డ్రైవరును ఖాళీగా కూర్చోబెట్టినట్టు. న్యాయంగా మెట్రోకు ఒక మార్కు వెయ్యాలి. సిమ్యులేటర్లతో వచ్చే పట్టాలు ఎక్కువగా 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌వి. మెట్రో గేజ్ కూడా అదే. మన బ్రాడ్‌గేజ్ 1676. తేడా ఒక జానెడు. ఆ జానెడు కోసం భారతీయ రూట్ కట్టేవాడు పట్టాలు, పాయింట్లు, క్రాసింగులు అన్నీ కొత్తగా చేసుకోవాలి, లేదా అప్పటికే చేసినవాళ్ల నుంచి తెచ్చుకోవాలి. తెలియనివాళ్లు తేడా ఏం తెలుస్తుందిలే అని స్టాండర్డ్ పట్టాల మీదే మన పెట్టెల్ని నిలబెడతారు. ఇరుకు చెప్పులేసుకున్న పెద్దమనిషిలా ఉంటుంది ఆ బండి.

నేల తేవడంలో దాగిన ఒక వింత నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రూట్ కట్టేవాళ్లు ఊరికే దొరికే ఎత్తుల లెక్కల్ని వాడతారు. అందులో ఎక్కువమంది వాడేది ఎస్‌ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ పదకొండు రోజులపాటు తిరుగుతూ రాడార్‌తో భూమి ఎత్తుపల్లాల్ని కొలిచిన లెక్క అది. తేదీ గమనించండి. సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. అంటే రాడార్ చూసిన మాదాపూర్‌లో ఆ గుండ్రటి భవనం వచ్చి ఏడాది దాటిందంతే. తర్వాత పాతికేళ్లలో పేల్చి చదును చేసిన గుట్టలు, పూడ్చిన పల్లాలు ఆ లెక్కలో పాతరూపంలోనే ఉన్నాయి. ఈ నేలను తెచ్చుకుని ఎడిటర్‌లో తెరిస్తే సైబరాబాద్ కింద దాని పూర్వజన్మ కనిపిస్తుంది. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండల నేల. 2024 నాటి భవనాల్ని ఆ నేల మీద పెడితే కొన్ని గాలిలో తేలతాయి, కొన్ని నడుం దాకా కూరుకుపోతాయి. దాన్ని చూసి కంప్యూటర్ తప్పు అనుకోకూడదు. ఊరు అంత మారిందన్నమాట.

పైగా రాడార్‌కు నేలకూ కప్పుకూ తేడా తెలియదు. దట్టమైన చెట్ల గుంపుల్ని, కట్టడాల్ని కూడా ఎత్తుగానే రాసుకుంటుంది. ఆ లెక్కలో కొలతకూ కొలతకూ మధ్య 30 మీటర్లు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నేలలోనేమో 2048 మీటర్ల చదరపు పలకలు, వాటిలో 8 మీటర్లకొక బిందువు. ఈ రెంటి మధ్య రైలు కటింగ్ లాంటి సన్నటి గాటు మాయమైపోతుంది. కాబట్టి పట్టాల వాలును నేల లెక్క నుంచి తీయకూడదు. లైను పక్కన వాలు మారే ప్రతిచోటా రైల్వేవాళ్లు గ్రేడియంట్ పోస్టులు నాటుతారు. రాతిమీదో రేకుమీదో ఎంతకు ఒకటి అని రాసి ఉంటుంది. నిజమైన వాలు అక్కడుంది. మంచి కట్టేవాడు ముందు పట్టాల్ని ఆ పోస్టుల ప్రకారం సరైన ఎత్తులో పరుస్తాడు, ఆ తర్వాత నేలనే పట్టాలకు తగ్గట్టు చెక్కుతాడు. చెడ్డ కట్టేవాడు నేల ఎలా ఉంటే పట్టాల్ని అలా పడుకోబెడతాడు. అతని రూట్‌లో బండి ఎక్కితే పడవ ఎక్కినట్టే.

దూరాల సంగతిలో అయితే మన రైల్వే కట్టేవాడికి ఒక స్కేలు ఉచితంగా ఇచ్చింది. ఆ స్కేలు పేరు కరెంటు స్తంభం. ప్రతి స్తంభం మీద ఎన్నో కిలోమీటరు, అందులో ఎన్నో స్తంభం అని అంకెలుంటాయి. తిన్నటి దారిలో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎక్కువలో ఎక్కువ 72 మీటర్లు. వంపులో తీగ పట్టాల మధ్యగీతను వదిలి పక్కకు పోకుండా ఉండాలి కాబట్టి స్తంభాలు దగ్గరవుతాయి. ఆ తగ్గింపు కూడా ఇష్టమొచ్చినట్టు కాదు, నాలుగున్నర మీటర్ల మెట్లలో. ఇది తెలిసినవాడు రైలు కిటికీలోంచి తీసిన వీడియోలో స్తంభాలు లెక్కపెట్టి వంపు ఎంత గట్టిదో చెప్పేస్తాడు. కొలబద్ద పట్టుకుని పట్టాల మీదికి దిగాల్సిన పనిలేదు. దిగకూడదు కూడా, అది నేరం. కిటికీ సీటు, టికెట్, ఓపిక చాలు. ఇరవై కిలోమీటర్లకు ఒక్కో లైనుకు స్తంభాలు 280కి తగ్గవు. రెండు లైన్లకు కలిపి ఆరువందల దాకా. వాటన్నిటినీ ఒకే దూరంలో యంత్రంతో నాటించేసిన రూట్లు చూశాను. ఎక్కడో ఏదో తేడా ఉందని ప్రయాణికుడికి కూడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు. వంపులో స్తంభాలు దగ్గరపడిన రూట్‌లో ఆ తేడా ఉండదు. పనితనమంటే నాకు అదీ.

ఈ లైను వంపుల్ని శ్రద్ధగా పరిచినవాడికి ఇంకో పనివాడి చెయ్యి కనిపిస్తుంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యపు రైలు 1874లో వచ్చింది. డైనమైట్ అప్పుడప్పుడే లోకం మొహం చూస్తున్న రోజులు. బండను కొట్టడంకంటే బండ చుట్టూ తిరగడం చవక. ఆనాటి సర్వే మనుషులు దక్కన్ నేల ఒంపును పట్టుకుని లైనును నడిపించారు. మ్యాపులో చూస్తే ఎందుకొచ్చిన వంకరో అర్థం కాదు. ఎడిటర్‌లో నేలను పెట్టి, వంపు లేకుండా తిన్నగా గీసి చూస్తే ఎంత మన్ను తవ్వాలో, ఎంత కట్ట పోయాలో కళ్లకు కడుతుంది. దానికి పక్కనే వాళ్ల గీత. నూటయాభై ఏళ్ల కిందటి మనిషి పొదుపును ఇంత స్పష్టంగా చూపించే సాధనం ఇంకొకటి నాకు తెలియదు.

కట్టే ఊరు ఏ ఏడాదిది అన్నది మొదటిరోజే తేల్చుకోవాల్సిన మరో ప్రశ్న. ఎవరూ తేల్చుకోరు. భరత్‌నగర్ దగ్గర మెట్రో వంతెన లైనును దాటుతుంది. 2017 నవంబరుకు ముందు దాని మీద బండ్లు లేవు. ఫతేనగర్ పక్కన సనత్‌నగర్ నుంచి మౌలాలి వైపు పోయే లైను మీద 2024 మార్చిలో ఎంఎంటీఎస్ నడవడం మొదలైంది. బేగంపేట స్టేషన్‌కు 2025 మేలో కొత్త ముఖం వచ్చింది. ఇవన్నీ కలగలిపేస్తే ఏ కాలానికీ చెందని ఊరు తయారవుతుంది. నా ఓటు 2003కే, కాదంటే 2010 ప్రాంతానికి. అప్పుడు గీయాల్సిన మేడలు తక్కువ. ఎస్‌ఆర్‌టీఎం నేలకూ అప్పటి ఊరికీ పొత్తు కుదురుతుంది. బేగంపేట విమానాశ్రయం నుంచి 2008 మార్చి దాకా పెద్ద విమానాలు ఎగిరేవి. 2003 ఎంచుకుంటే రైలు నెత్తి మీదుగా విమానం దిగే దృశ్యం కూడా దక్కుతుంది.

సిగ్నళ్ల దగ్గరికొస్తే ఈ లైను అసలు రుచి తెలుస్తుంది. ఇది ఎంఎంటీఎస్‌కు మాత్రమే రాసిచ్చిన దారి కాదు. ముంబై పోయే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఇదే పట్టాల మీద పోతుంది. సనత్‌నగర్ కంటైనర్ డిపోకు గూడ్సు బండ్లు వస్తాయి. లోకల్ బండి ఎక్కడో ఒకచోట ఆగి దారివ్వాలి. ఆకుపచ్చ తర్వాత రెండు పసుపులు, ఆ తర్వాత ఒక పసుపు, చివరికి ఎరుపు. పెట్టెలోని జనం "ఔటర్‌లో ఆపాడు" అని గొణుక్కునే ఆ అయిదు నిమిషాలే సిమ్యులేటర్‌లో మంచి కథ. రెండు పసుపులు చూసిన క్షణం నుంచి బండిని ఎంత మెత్తగా అదుపులోకి తెచ్చాడన్నది డ్రైవరు నేర్పు. ఆ ఎక్స్‌ప్రెస్‌ను సరిగ్గా ఆ నిమిషానికి ఎదురు పెట్టడం కట్టేవాడి నేర్పు. సిగ్నళ్ల విద్యను ఇంకా లోతుగా చదవాలనుకునేవారికి ఇదే జంటనగరాల్లో, సికింద్రాబాద్‌లో, 1957 నుంచి ఇరిసెట్ ఉంది. రైల్వే సిగ్నల్ ఇంజినీర్లందరూ చదివే బడి. లింగంపల్లికి అవతల వికారాబాద్ వైపు లైను మీదే బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ పద్ధతి ప్రయోగాలు జరిగాయి. 2022 మార్చిలో రైల్వే మంత్రి ఎదురెదురు ఇంజిన్లను పెట్టి దాన్ని పరీక్షించి చూపించింది గుల్లగూడ, చిట్‌గిద్దల మధ్య, అదే లైనులో. అంటే మన కుర్రవాడు రూట్‌ను పడమరకు పొడిగించుకుంటే దేశంలో సిగ్నళ్ల చరిత్ర మలుపు తిరిగిన చోటికే చేరతాడు. అది తర్వాతి సంగతి.

పొడిగింపు మాట వచ్చింది కాబట్టి, బేగంపేట దగ్గర జాగ్రత్త. అక్కడ దాటాక లైను చీలుతుంది. ఒక పాయ నెక్లెస్ రోడ్డు మీదుగా నాంపల్లికి, మరో పాయ సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కు. నాంపల్లి, సికింద్రాబాద్‌ల మధ్య కూడా బండ్లు తిరుగుతాయి కాబట్టి హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక త్రికోణం ఏర్పడుతుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కట్టేవాడికి అది గండం. సిమ్యులేటర్‌లో పట్టాలు నిర్ణీత పొడవు, నిర్ణీత వంపు ఉన్న ముక్కలు. తిన్నటి దారిలో ఒక ముక్కలో చిన్న తేడా ఉంటే అది ముందుకు తోసుకుపోతుంది, ఎవరికీ కనిపించదు. త్రికోణంలో మూడు భుజాలూ ఒకదాన్నొకటి కలవాలి. తేడా అంతా చివరి కీలు దగ్గరికొచ్చి నిలబడుతుంది. అక్కడ రెండడుగుల ఖాళీ చూసుకుని రాత్రిళ్లు కూర్చున్నవాళ్లు చాలామంది. తెలిసినవాడు ఏం చేస్తాడంటే, మొదటి విడతలో సికింద్రాబాద్ పాయకు పాయింట్లు మాత్రం పెట్టి, రెండు మూడు వందల మీటర్ల పట్టా వేసి, ఎర్రసిగ్నల్ నాటి వదిలేస్తాడు. నడిపేవాడికి లైను ఎటో పోతున్నట్టే ఉంటుంది. రేపు పొడిగించడానికి కీలు సిద్ధంగా ఉంటుంది. సగం కట్టి వదిలినట్టు కనిపించకుండా సగంలో ఆపగలగడం ఈ పనిలో పెద్ద ఒడుపు.

మెట్రో మీద మోజు తీరనివాడికి ఒక కథ దాచిపెట్టాను, రెండో రూట్ కోసం. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో మొదలైనప్పుడు చివర్లో బండి తిప్పే ఏర్పాటు ఇంకా తయారు కాలేదు. అందుకని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి హైటెక్ సిటీ దాకా రెండు లైన్లనూ రెండు ఒంటి లైన్లలా వాడారు. వెళ్లిన బండి అదే పట్టా మీద వెనక్కి వచ్చేది. రాయదుర్గం వైపు తిప్పే ఏర్పాటు వచ్చేదాకా కొన్ని నెలలు అలాగే నడిపారు. రోజువారీ మెట్రో ఆటలో డ్రైవరుకు పనిలేదన్నాను కదా, ఆ నెలల మెట్రో కడితే ఉంటుంది. మామూలు రోజుల్ని వదిలి, రైల్వే ఇబ్బందిపడిన రోజుల్ని వెతుక్కోవడం కూడా ఒక ఎంపికే.

మొదటి రూట్‌కు వస్తే, లింగంపల్లి నుంచి మొదలుపెట్టి వరసగా తూర్పుకు కట్టుకుంటూ పోవడం సహజంగా అనిపిస్తుంది. నేను అలా చెప్పను. ముందు హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, ఈ మూడు స్టేషన్లే. నాలుగైదు కిలోమీటర్లు. అంతే, కానీ అన్నీ పూర్తిగా: జానెడు తేడాలేని బ్రాడ్‌గేజ్ పట్టా, కిలోమీటరుకు 1660 లెక్కన కాంక్రీటు స్లీపర్లు, స్తంభాల మీద అంకెలు, పసుపు బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ నాలుగింటిలోనూ స్టేషన్ పేరు, హైటెక్ సిటీ పక్కన లైను కిందికి దూరే రోడ్డు, ప్లాట్‌ఫారం చివర బండి ఎక్కడాగాలో చెప్పే బోర్డులు. ఆ ముక్కను తను కాకుండా ఇంకొకరి చేత నడిపించాలి. ఎంఎంటీఎస్‌లో రోజూ వెళ్లేవాళ్లయితే మరీ మంచిది. ఎక్కడ తప్పుందో వాళ్లు వెంటనే పట్టేస్తారు. తప్పు పట్టకుండా "తర్వాతి స్టేషన్ ఎప్పుడు" అని అడిగితే పడమర లింగంపల్లి దాకా కట్టుకోవచ్చు. ఆ తర్వాత తూర్పున బేగంపేట, అక్కడినుంచి సరస్సు ఒడ్డు.

నాంపల్లిని చివరికే పెట్టుకోవాలి. 1907 నాటి ఆ స్టేషన్‌లో లైన్లన్నీ బఫర్ల దగ్గర ఆగిపోతాయి. వచ్చిన బండి ఎటు నుంచి వచ్చిందో అటే వెళ్లాలి. ప్లాట్‌ఫారాలన్నిటికీ దారి విప్పే పాయింట్ల గుంపు ఒక్కచోటే ఉంటుంది. పన్నెండు స్టేషన్లు కట్టిన చెయ్యికే ఆ యార్డు లొంగుతుంది.